తోలు కుట్టే మిషన్ కొంటావా, అయితే విను

మా మనవరాలు ఉద్యోగం మానేసి తోలు సంచులు, బెల్టులు కుట్టి అమ్ముతానంటోంది. వాళ్ళ నాన్న ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు గానీ నాకు మాత్రం ముచ్చటగానే ఉంది. దాని దగ్గర డబ్బు తక్కువ, సందేహాలు ఎక్కువ. "తాతయ్యా, ఏ మిషన్ కొనమంటావు? ఒక హార్స్‌పవర్ మోటారున్నది తీసుకుంటే చాలు కదా?" అని అడిగింది. దానికి చెప్పిన కబుర్లే ఇవి. తోలు పని మొదలుపెడదామనుకునే వాళ్ళకి ఇంకెవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

చూడు అమ్మడూ, మోటారు సంగతి తరవాత. ముందు ఒక స్కేలు, వీలైతే వెర్నియర్ కాలిపర్ తెచ్చుకో. నువ్వు కుట్టబోయే వస్తువులో అన్నిటికంటే మందంగా ఉండే చోటేదో వెతుకు. పర్సయితే ఒక మిల్లీమీటరు తోలు రెండు మూడు పొరలు, అంటే 3 మిల్లీమీటర్లు దాటదు. భుజానికి తగిలించుకునే సంచి ఒళ్ళంతా 4 మిల్లీమీటర్లే ఉన్నా, పట్టీ వచ్చి అతికే చోట మడతలన్నీ కలిసి 8 అవుతుంది. రెండు పొరల బెల్టయితే 6 నుంచి 7. గుర్రపు జీను లాంటివి 12 కూడా దాటతాయి. ఈ అంకె కాగితం మీద రాసుకోకుండా దుకాణానికి వెళ్ళావో, అమ్మేవాడు తన దగ్గర అమ్ముడుపోని సరుకే నీకు కావలసినదని ఒప్పిస్తాడు.

పెద్ద మిషన్ కొంటే చిన్న పనీ అదే చేస్తుంది కదా అంటావేమో. చెయ్యదు. జీనులు కుట్టే మిషన్ లావు సూదికి, లావు దారానికి పుట్టింది. దాని కింద పర్సు పెడితే పళ్ళ గాట్లు పడతాయి, చిల్లులు గుడ్లప్పగించి చూస్తాయి. అందుకే ఒక్క మిషన్‌తో అన్నీ కుట్టేద్దామన్న ఆశ ముందే వదులుకో. నీ పనిలో నూటికి తొంభై పాళ్ళు ఏ మందంలో ఉంటుందో ఆ మందానికే మిషన్ కొనాలి.

నీకో తమాషా చెప్పనా? బట్టల కోసం మిషన్ పుట్టిందనీ, ఆ తరవాతే అది తోలు పనికి వచ్చిందనీ అందరూ అనుకుంటారు. కానీ పూర్తి కుట్టు మిషన్‌కి మనకి దొరికిన మొదటి పటం తోలు కుట్టే మిషన్‌దే. 1790లో లండన్‌లో థామస్ సెయింట్ అనే ఆయన, వృత్తికి చెక్క బీరువాలూ బల్లలూ చేసేవాడు, దానికి పేటెంట్ తీసుకున్నాడు. అందులో ముందు ఒక ఆరె దిగి తోలుకి చిల్లు పొడుస్తుంది. ఆ తరవాత కొన చీలిన సూది అదే చిల్లులోంచి దారాన్ని కిందికి తోస్తుంది. మన ఊళ్ళల్లో చెప్పులు కుట్టేవారు ఆరె పట్టుకుని తరతరాలుగా చేస్తున్న పనే అది. పాపం, ఆ పటాన్ని జిగుర్లు, వార్నిషులతో కలిపి ఒకే పేటెంట్‌లో పెట్టడం వల్ల ఎవరి కంటా పడలేదు. 1874లో విలియం న్యూటన్ విల్సన్ అనే ఆయన దాన్ని వెతికి పట్టుకుని, కొద్దిగా మార్పులు చేసి నమూనా కట్టించాడు. లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్నది అదే.

సెయింట్‌గారు ఆరెని, సూదిని ఎందుకు వేరు చేశాడంటే, తోలు బట్ట కాదు కనక. బట్టలో దారాల మధ్య సందులుంటాయి. గుండ్రటి మొన ఉన్న సూది వస్తే అవి పక్కకి జరిగి దారి ఇస్తాయి, సూది వెళ్ళిపోయాక మళ్ళీ దగ్గరికొస్తాయి. తోలులో కొలాజెన్ పోగులు అన్ని వైపులకీ చిక్కుపడి ఉంటాయి. పక్కకి జరగడానికి చోటుండదు. తెగాల్సిందే. తెగిన చిల్లు మళ్ళీ పూడదు. అందులోనూ మన దక్షిణాదిలో పూర్వం నుంచీ తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందల్లో ఊనిన తోలు ఉంది చూశావూ, అది దిట్టంగా, బిగువుగా ఉండి సూదిని గట్టిగా పట్టేస్తుంది. క్రోమ్ లవణాలతో ఊనిన మెత్తటి తోలు అంత పట్టదు గానీ సాగుతుంది. రెంటికీ వేరు వేరు తిప్పలు.

అందుకని తోలుకి గుండు మొన సూది వాడకూడదు. మొన దగ్గర చిన్న కత్తి అంచున్న తోలు సూదులని విడిగా దొరుకుతాయి. వాటిలో ఎక్కువగా వాడేవి కుట్టు దారికి ఏటవాలుగా కోస్తాయి, దాంతో పక్కపక్క కోతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. అయినా కుట్లు మరీ దగ్గరగా వేస్తే పోస్టాఫీసులో స్టాంపుల కాగితం చింపినంత సులువుగా తోలు ఆ గీత వెంబడి చిరిగిపోతుంది. గట్టిగా ఉంటుందని దగ్గర కుట్లు వెయ్యడం బట్టలో చెల్లుతుంది, తోలులో చెల్లదు. లావు పనికి అంగుళానికి 6, 7 కుట్లు చాలు.

ఇప్పుడు కుట్టు ఎలా పడుతుందో దగ్గరగా చూద్దాం. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పు. సూది అడుగు దాకా దిగి, రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. కథంతా ఆ రెండు మిల్లీమీటర్లలోనే ఉంది. సూదితో పాటు దారం కూడా పైకి రాబోతుంది, తోలు దాన్ని పట్టుకుని వదలదు. దాంతో సూది కన్ను దగ్గర దారం పక్కకి ఉబ్బి చిన్న ఉచ్చు అవుతుంది. సరిగ్గా అప్పుడే షటిల్ హుక్కు మొన వచ్చి ఆ ఉచ్చులో దూరి, దాన్ని కింది దారం చుట్టి ఉన్న బాబిన్ చుట్టూ తిప్పి వదులుతుంది. పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. ఆ ముడి తోలు మందంలో సగంలో దాక్కోవాలి.

మరి సూది పైకి లేచేటప్పుడు తోలు కూడా దాంతో పాటు లేచిందనుకో? ఉచ్చు రాదు. హుక్కు మొన ఉత్తి గాలిలో తిరిగిపోతుంది, కుట్టు తప్పిపోతుంది. కొత్తవాళ్ళు వెంటనే సూదికీ హుక్కుకీ మధ్య టైమింగ్ పోయిందంటూ మెకానిక్ దగ్గరికి పరిగెడతారు. చాలాసార్లు టైమింగ్‌కి ఏమీ అయి ఉండదు. ప్రెషర్ ఫుట్ తోలుని చాలినంత నొక్కి పట్టకపోవడమో, సూది మొద్దుబారడమో అయి ఉంటుంది. ఇంట్లో వాడే మిషన్‌కి ఆ నొక్కుడు తక్కువ. పెట్టె మీద హెవీ డ్యూటీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ స్ప్రింగు బలం పెరగదు.

తోలుని ముందుకి జరిపే పని ఇంకో పేచీ. దర్జీ మిషన్‌లో కింద పళ్ళు మాత్రమే బట్టని లాగుతాయి. పైనున్న కాలు, అంటే ప్రెషర్ ఫుట్, ఊరికే నొక్కి ఉంటుంది. తోలు ఇనపకాలికి అతుక్కుంటుంది కాబట్టి కింది పొర ముందుకి పోతుంది, పై పొర వెనకబడుతుంది. మూరెడు పట్టీ కుట్టేసరికి రెండు పొరల అంచులు కలవవు. ఇక మూడు రకాల కదలికా కలిసిన మిషన్ ఉంటుంది. అందులో కింద పళ్ళు, పైన కాలు, మధ్యలో తోలులో దిగి ఉన్న సూది, మూడూ ఒక్కసారే ఒకే దూరం ముందుకి కదులుతాయి. సూదే పొరలన్నిటినీ గుచ్చి పట్టుకుని నడిపిస్తుంది కాబట్టి అవి జారే ప్రసక్తే లేదు. బజార్లో దీన్ని వాకింగ్ ఫుట్ మిషన్ అంటారు. అయితే పై కాలు కొంచెం కదిలే ప్రతి మిషన్‌నీ ఆ పేరుతోనే అమ్ముతారు, జాగ్రత్త. చక్రం చేత్తో తిప్పి, తోలులో ఉన్న సూది కూడా కాలితో కలిసి వెనక్కీ ముందుకీ నడుస్తోందా లేదా అన్నది నీ కళ్ళతో చూసుకో. నీకున్న డబ్బులో పెద్ద వాటా ఈ నడకకే పెట్టమంటాను. మిగతావన్నీ తరవాత మార్చుకోవచ్చు, ఇది మార్చుకోలేవు.

సరే, నీ హార్స్‌పవర్ ప్రశ్నకి వస్తున్నా. జోరుగా తొక్కితే లావు తోలు కూడా కుట్టే మిషన్, మెల్లగా తొక్కితే సూది తోలులో దిగబడి ఆగిపోతుంది. ఎందుకో తెలుసా? సూదిని తోసే పని ఆ క్షణంలో మోటారు ఒక్కటే చెయ్యదు. తిరుగుతున్న చక్రంలో దాచుకున్న శక్తి చేస్తుంది. ఆ శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది, తగ్గేటప్పుడూ అంతే.

లెక్క వేసి చూద్దాం. చక్రం బరువు 2 కిలోలు, ఆ బరువంతా ఇరుసుకి 6 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకో. నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే దాంట్లో దాదాపు 90 జౌళ్ళ శక్తి ఉంటుంది. 8 మిల్లీమీటర్ల తోలులో సూదిని దించడానికి సగటున 10 కిలోల బలం పట్టిందనుకుంటే, ఒక్క పోటుకి ఖర్చు 0.8 జౌళ్ళు. 90లో 0.8 పోతే చక్రానికి తెలియనే తెలియదు. ఇప్పుడు నిమిషానికి 150 చుట్లకి తగ్గించు. వేగం పదో వంతుకే కదా తగ్గింది అనుకోకు, శక్తి నూరో వంతుకి పడిపోయి 0.9 జౌళ్ళు అయింది. ఒక్క పోటుకే చక్రం దాదాపు ఖాళీ! రెండో పోటుకి దిక్కెవరు? అక్కడే మిషన్ మొరాయిస్తుంది.

తోలు పనిలో జోరుగా కుట్టలేం. మూల తిరగాలి, పట్టీ చివర గీత మీదే ఆగాలి, తప్పు కుట్టు పడితే ఆ చిల్లు జన్మంతా కనిపిస్తుంది. జోరు పెంచితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. రాపిడికి సూది కాలిపోతుంది. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనక దారం సూది కన్నులోనే తెగిపోవచ్చు. చొక్కాలు కుట్టే జుకీ డీడీఎల్-8700 నిమిషానికి 5,500 కుట్ల దాకా వేస్తుంది. అదే కంపెనీ వాకింగ్ ఫుట్ మిషన్ 1541 వేసేది 2,500. జీనులు కుట్టే 441 అయితే 800 దగ్గరే ఆగిపోతుంది. బలం పెరిగే కొద్దీ వేగం తగ్గడం చూశావా? అందుకే నేను మోటారు ఎంత జోరుగా తిరుగుతుందని అడగను. నిమిషానికి వంద కుట్ల దగ్గర కూడా సూదిని తోలులోంచి దించగలదా అని అడుగుతాను.

దీనికి ఖరీదైన మందు అక్కర్లేదు, పుల్లీలు చాలు. మోటారుకీ మిషన్‌కీ మధ్య మూడు రెట్ల స్పీడ్ రిడ్యూసర్ పెడితే మిషన్ వేగం మూడో వంతవుతుంది, తిప్పే బలం మూడింతలవుతుంది. రాపిడికి కొంచెం పోతుందనుకో, అది పెద్ద లెక్కలోది కాదు. ఈ రిడ్యూసర్ అంటే ఒక చిన్న ఇనపచట్రంలో పెద్ద పుల్లీ, చిన్న పుల్లీ ఒకే ఇరుసు మీద బిగించి, రెండు బెల్టులు వెయ్యడం. లేతు పని తెలిసినవాడు చేసి పెట్టగలడు. హార్స్‌పవర్ కోసం పెట్టే డబ్బు కంటే దీనికి పెట్టే డబ్బుకి ఫలితం ఎక్కువ.

మోటార్లలో పాత రకం క్లచ్ మోటారు. మన 50 హెర్ట్‌జ్ కరెంటు మీద అది 1,440 చుట్లో, 2,850 చుట్లో తిరుగుతూనే ఉంటుంది. నువ్వు కాలు నొక్కినప్పుడు క్లచ్ పట్టుకుంటుంది. కుట్టినా కుట్టకపోయినా గుయ్యిమంటూ కరెంటు తాగుతుంది. మెల్లగా నడపాలంటే క్లచ్‌ని సగం జారనివ్వాలి, ఆ విద్య కాలికి పట్టుబడాలి. సర్వో మోటారు అలా కాదు, నొక్కినప్పుడే తిరుగుతుంది, గరిష్ఠ వేగం బిగించి పెట్టుకోవచ్చు. చవక సర్వోలు బాగా తక్కువ వేగం దగ్గర నీరసిస్తాయి. రిడ్యూసర్ ఉంటే ఆ నీరసం కూడా తెలియదు. ఎందుకంటే మోటారు తనకి హాయిగా ఉన్న వేగంలోనే తిరుగుతుంది.

ఫ్యాక్టరీల నుంచి వచ్చిన పాత మిషన్లకి చాలాసార్లు త్రీ ఫేజ్ మోటార్లుంటాయి. తల బాగుంది, ధర బాగుందని మురిసిపోయి ఇంటికి తెచ్చుకుంటే, ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్ కరెంటు. మోటారు నేమ్‌ప్లేట్ మీద 415 వోల్టులని ఉంటే ఆ మోటారుకి విలువ సున్నా కట్టి బేరమాడు.

ఇక దారం, సూది. దారం లావుని టెక్స్ అనే అంకెతో చెబుతారు. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అదే దాని టెక్స్. సూది లావుకి ఎన్ఎమ్ అనే అంకె ఉంటుంది, అది మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. 140 సూది అంటే 1.4 మిల్లీమీటర్లు. పర్సులకి టెక్స్ 70 దారం, 110 సూది. సంచులకి, బెల్టులకి టెక్స్ 135 బాండెడ్ నైలాన్, 140 సూది. ఆ దారం సుమారు 10 కిలోల బరువు దాకా తెగకుండా ఆగుతుంది, సంచికి అంతకంటే ఏం కావాలి? అందానికి ఇంకా లావు దారం కావాలని టెక్స్ 270 పెట్టావో, సూది 200 దాకా పోవాలి. మామూలు వాకింగ్ ఫుట్ మిషన్ దాన్ని మింగలేదు. ఎండలో తిరిగే వస్తువైతే నైలాన్ కంటే పాలిస్టర్ నయం. సూదిని పొదుపు చెయ్యకు. మొద్దుబారిన సూది పైన లెక్క వేసిన 0.8 జౌళ్ళని రెట్టింపు చెయ్యగలదు.

ఇన్ని చెప్పాక, ఏది కొనాలి? 3 మిల్లీమీటర్ల లోపు మెత్తటి తోలే నీ పనైతే అసలు కొత్త మిషన్ వద్దు. మీ అమ్మమ్మ నల్ల దర్జీ మిషన్ చాలు. పోత ఇనుముతో చేసిన తల, కాలితో తొక్కే పెద్ద చక్రం. దానికి తోలు సూది, సన్న నైలాన్ దారం, తోలు మీద జారే టెఫ్లాన్ కాలు బిగించుకుంటే పర్సులు దర్జాగా కుట్టుకోవచ్చు. చెప్పులు బాగుచేసే చోట కనిపించే పొడుగు చెయ్యి మిషన్ ఉంటుంది, సింగర్ 29కె వంశం. ఎటు కావాలంటే అటు కాలు తిరుగుతుంది, బూటు లోపలికి కూడా దూరుతుంది. రిపేరు పనికి దానికి సాటి లేదు. కానీ బాబిన్ చిన్నది, తోలుని నడిపేది పై కాలు ఒక్కటే. వరసగా వందల కుట్లు సమానంగా పడాల్సిన సంచుల పనికి దాన్ని నమ్ముకోకు. చేత్తో తిప్పే చవక నకళ్ళు చూసి ఆశపడతారు చాలామంది, నేనైతే కొనమనను.

4 నుంచి 8 మిల్లీమీటర్ల పనికి, అంటే నీ పనికి, వాడిన వాకింగ్ ఫుట్ మిషనే సరైనది. బల్లపరుపు తల ఉన్నది చవక, గొట్టం చెయ్యి ఉన్నది ప్రియం. నువ్వు మొదలుపెట్టేది బెల్టులు, పరిచి కుట్టే సంచులు కాబట్టి బల్లపరుపుది చాలు. చిత్తూరు దాటితే రాణిపేట, వాణియంబాడి, ఆంబూరు. దేశంలో తోలు పరిశ్రమకి పేరున్న ఊళ్ళవి. ఇలాంటి ఊళ్ళల్లో మెకానిక్కులతో మాట్లాడితే ఏ నమూనాకి విడిభాగాలు సులువుగా దొరుకుతాయో తెలుస్తుంది. పేరు మోసిన నమూనాలకి నకళ్ళు ఎక్కువ, అందువల్ల హుక్కులు, పళ్ళు, బాబిన్లు దొరకడం తేలిక. ఎవరూ వినని పేరున్న మిషన్ ఎంత చవకైనా వదిలెయ్. 12 మిల్లీమీటర్ల పని ఏడాదికి ఏ నాలుగుసార్లో వస్తే దానికి ఇంకో మిషన్ కొనకు. ఆరెతో చిల్లులు పొడిచి, రెండు సూదులతో చేత్తో కుట్టు. ఆ కుట్టులో రెండు దారాలూ ప్రతి చిల్లులోంచీ వెళతాయి కాబట్టి ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. మిషన్ కుట్టుకి ఆ గుణం లేదు.

చూడటానికి వెళ్ళినప్పుడు నీ తోలు, నీ దారం నువ్వే పట్టుకెళ్ళు. అక్కడ చూపించే మెత్తటి పీలిక మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. ముందు కరెంటు తీయించి చక్రం చేత్తో తిప్పు, ఎక్కడా పట్టెయ్యకూడదు. సూది కడ్డీని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపు, లొడలొడ ఆడితే అరిగిందన్న మాట. ఆ తరవాత రెండు పొరల మీద మొదలుపెట్టి నాలుగు పొరల మీదికి ఎక్కించి, మళ్ళీ దింపు. ఆ మెట్టు దగ్గర కుట్టు పొడవు తగ్గితే నడకలో లోపముంది. వెనక్కి కుట్టించి చూడు, సూది పాత చిల్లుల్లోనే పడాలి. తిరగేసి అడుగు కుట్టు కూడా చూడు. ఇవన్నీ అత్యంత మెల్లగా తొక్కి చూడాలి సుమా, జోరులో తప్పులు దాక్కుంటాయి. అన్నీ బాగున్నాయనుకున్నాకే బేరానికి దిగు. దిగేటప్పుడు తల, బల్ల, స్టాండు, సింగిల్ ఫేజ్ మోటారు, రిడ్యూసర్, బాబిన్లు అన్నీ కలిపి ఎంతో అడుగు. ముందు చెప్పే ధర సాధారణంగా తల ఒక్కదానిదే.